కప్పలు చెప్పు పూర్వచరిత్ర: పాలారు పరిసరముల కొండలు, హిమయుగములు

చరిత్ర యనగానే మనకు రాజవంశములు, యుద్ధములు, శాసనములు, దేవాలయములు స్ఫురించును. రాయవేలూరు కోటను చూచినవారికి ఆరవీటి రాజుల కాలమును, 1806 సంవత్సరపు సిపాయిల తిరుగుబాటును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ కోటగోడలు కొన్ని శతాబ్దుల సంగతి చెప్పును. ఆ గోడలకు వాడిన శిలలు కోట్లకొలది సంవత్సరముల సంగతి చెప్పును. ఈ రెంటి నడుమ గడచిన కాలమునకు, అనగా కొండలు రూపొందిన పిమ్మట, మనుష్యుడు శాసనము చెక్కుటకు ముందు గడచిన దీర్ఘకాలమునకు, సాక్షులెవరు? ఇటీవలి జీవశాస్త్రము ఈ ప్రశ్నకిచ్చు సమాధానములలో నొకటి వినువారికి వింతగ తోచవచ్చును. ఆ సాక్షులలో కప్పలు ముఖ్యమైనవి.

కొండలు లేచుటయు, హిమయుగములు వచ్చిపోవుటయు ఉభయచర ప్రాణులను విడదీసి, కలిపి, మఱల విడదీసి, వాని జన్యువైవిధ్యమును ఏ విధమున తీర్చిదిద్దినవో, ఆ కథలో మన వేలూరు, గుడియాత్తము ప్రాంతమునకు ఎట్టి స్థానము కలదో చూపుట ఈ వ్యాసోద్దేశము.

మన నేల తీరు

పాలారు నది కర్ణాటకమున నందికొండల పరిసరమున పుట్టి, చిత్తూరు జిల్లాలో కొంతదూరము పాఱి, వాణియంబాడి దాపున తమిళనాడున ప్రవేశించి, ఆంబూరు, వేలూరు దాటి వంగసముద్రమున కలియుచున్నది. దాని పొడవు 348 కిలోమీటర్లు. అందు ఆంధ్రదేశమున పాఱునది 33 కిలోమీటర్లు మాత్రమే. గుడియాత్తము పట్టణము నడుమ ప్రవహించు కౌండిన్యానది పాలారునకు ఉపనది. అది పలమనేరు మెట్టసీమనుండి దిగి, మోర్ధానా ఆనకట్టను దాటి గుడియాత్తమునకు వచ్చుచున్నది. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిదే. పిదప 1960 ఏప్రిల్ 1వ తేదీన రెండు రాష్ట్రముల సరిహద్దులు మఱల సవరింపబడినవి. మనుష్యుల పరిపాలనకు ఈ విభాగములు ఆవశ్యకములే. కాని కౌండిన్యానది నీటికిని, ఆ నీటిలోని ప్రాణులకును పలమనేరు, గుడియాత్తము ఒకే నేల.

ఈ నేలకు పడమట మైసూరు పీఠభూమి అంచు, దక్షిణమున జవ్వాది, ఏలగిరి కొండలు, ఉత్తరమున చంద్రగిరి, శేషాచలము, అటుపైన నల్లమల కలవు. వీనినన్నిటిని కలిపి తూర్పుకనుమలని వ్యవహరింతురు. పడమటికనుమలు సుమారు 1,600 కిలోమీటర్ల పొడవున దాదాపు ఒకే గోడవలె నిలిచియున్నవి. తూర్పుకనుమలు అట్టివి కావు. గోదావరి, కృష్ణ, పెన్న, పాలారు మున్నగు నదులు వానిని కోసివేసినవి. కావున అవి వేర్వేఱు గుంపులుగ, మైదానమున దీవులవలె నున్నవి. ఒక గుంపుననుండి మఱియొక గుంపునకు పోవలెనన్నచో ఎండవేడిమిగల పల్లపునేలను దాటవలసినదే. ఈ సంగతి మన కథకు మూలమైనది.

కొండల వయస్సు మాటకు వచ్చినచో, మన ప్రాంతమున విస్తారముగ కనబడు చార్నొకైటు అను శిల మిక్కిలి ప్రాచీనము. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధిపై నిలిపిన శిల మద్రాసు దాపుననున్న పల్లావరపుదని గుర్తించి, భూగర్భశాస్త్రజ్ఞుడు టి. హెచ్. హాలెండు 1893 లో ఆ జాతి శిలకు ఈ పేరు పెట్టెను. తమిళనాడు ఉత్తరభాగమునందలి చార్నొకైటులు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అప్పటికి భూమిపై కప్పలు లేవు, చెట్లు లేవు.

కప్ప సాక్షి యగుటకు కారణము

ఉభయచరమను పేరులోనే దాని స్వభావము తెలియుచున్నది. కప్ప నేలమీదను నీటియందును బ్రదుకును. ఐనను ఈ రెంటిలో దేనియందును దానికి పూర్తి స్వాతంత్ర్యము లేదు. దాని చర్మము పలుచనిది, తడిగ నుండవలసినది. ఆ చర్మము ద్వారమున అది నీటిని పీల్చుకొనును, కొంతవఱకు శ్వాసించును. ఎండిన మైదానమును దాటుట దానికి కష్టము. ఉప్పునీటిని దాటుట దాదాపు అసాధ్యము. పక్షి ఒక పూటలో ఎగిరిపోగల దూరము కప్పల సంతతికి వేలకొలది సంవత్సరముల ప్రయాణము కావచ్చును. అందుచే కప్పలు పెక్కింట పుట్టిన చోటనే తరతరములుగ నిలిచి, ఆ చోటి చరిత్రను తమ వంశమున మోయుచుండును.

ఆ చరిత్ర జన్యువులందు వ్రాయబడియున్నది. భాషోపాధ్యాయుడనగుటచే ఈ విషయమును భాషనుండియే ఉదాహరింతును. ఒక ఊరివారు రెండు పాయలుగ విడిపోయి, నడుమ రాకపోకలు లేక కొన్ని తరములు గడచినచో, ఉభయుల పలుకుబడిలోను మార్పులు వచ్చును. కాని అవే మార్పులు ఉభయులకును రావు. ఒకరు నిలుపుకొన్న మాటను రెండవవారు మఱతురు. ఒకరు క్రొత్తగా కల్పించుకొన్నది రెండవవారికి తెలియదు. విడిపోయిన కాలము హెచ్చినకొలది భేదము హెచ్చును. మఱియొక విశేషము: పాయ చిన్నదైనచో మాటలు త్వరగ నశించును. పదివేలమంది యెఱిగిన మాట ఒకరి మరణముతో పోదు. పదిమంది యెఱిగిన మాట పోవచ్చును.

ప్రాణుల జన్యువులందును ఇదియే జరుగును. డి.ఎన్.ఏ. అను పదార్థమున అక్షరములవంటి అంశములు వరుసగ నుండును. తరము మాఱినకొలది అందు అక్కడక్కడ చిన్న మార్పులు కలుగుచుండును. రెండు కప్పల వరుసలను పోల్చి, భేదములను లెక్కించి, అవి యేకాలమున ఒకే వంశమునుండి చీలినవో అంచనా వేయవచ్చును. ఒక గుంపులోని కప్పలన్నియు ఒకే తీరున నున్నచో, ఆ గుంపు ఒకప్పుడు మిక్కిలి తగ్గిపోయి మఱల పెరిగినదని ఊహింపవచ్చును. శాసనలిపిని బట్టి శతాబ్దమును నిర్ణయించునట్లే, జన్యులిపిని బట్టి యుగమును నిర్ణయింతురు.

కొండలు చేసిన విభజన

దక్షిణభారతము ఒకప్పుడు గోండ్వానా అను మహాఖండమున భాగము. సుమారు 9 కోట్ల సంవత్సరములకు పూర్వము మడగాస్కరు దీనినుండి విడిపోయెను. దక్కను నల్లఱేగడికి మూలమైన లావా ప్రవాహములు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము పొంగినవి. ఆ కాలమునకు కొంచె మిటునటుగ సీషెల్స్ దీవులు వేఱుపడినవి. ఈ చీలికల ఫలితముగ మన ద్వీపకల్పపు పడమటి అంచు ఎత్తయి, కనుమల రూపము దాల్చెను. పిమ్మట సుమారు 5 కోట్ల సంవత్సరములకు పూర్వము భారతభూఖండము ఆసియాను ఒత్తుకొనగా హిమాలయములు లేచుట ఆరంభమైనది. ఆ మహాపర్వతముల వలనను, టిబెట్టు పీఠభూమి వలనను గాలుల గతి మాఱి, నేడు మనము ఋతుపవనములని పిలుచు వానతీరు క్రమముగ బలపడినది. ఎక్కడనో ఉత్తరమున లేచిన కొండ మన చెఱువులోని కప్ప జీవితమును ఈ విధముగ శాసించినది.

ఈ ప్రాచీన విభజనకు కేరళమునందలి ఇడుక్కి జిల్లాలో దొరికిన ఊదారంగు కప్ప సాక్ష్యము. నాసికాబాట్రాకస్ అను ఈ కప్పను ఎస్. డి. బిజు, ఫ్రాంకీ బోసూయిట్ అను శాస్త్రజ్ఞులు 2003 లో లోకమునకు తెలిపిరి. దాని సమీపబంధువులు భారతదేశమున లేవు. వేలకొలది కిలోమీటర్ల దూరముననున్న సీషెల్స్ దీవులలో కలవు. మన తూర్పుకనుమలయందును ఇట్టి సాక్ష్యము లేకపోలేదు. వానపామును పోలియుండి, కాళ్లులేక, మట్టిలో జీవించు సిసీలియన్లను ఉభయచరములు కలవు. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల తూర్పుకనుమలలో సుమారు 1,200 మీటర్ల యెత్తున దొరికిన ఒక సిసీలియన్‌కు 2013 లో జెజీనియోఫిస్ ఓరియంటాలిస్ అను పేరు పెట్టిరి. దాని ప్రజాతిలోని తక్కినవన్నియు పడమటికనుమల ప్రాంతమువే. నడుమనున్న వందలకొలది కిలోమీటర్ల పొడినేలను నేడు అది ఏ విధముగను దాటజాలదు. కావున ఆ నేల ఒకప్పుడు ఇంతటి పొడినేల కాదనియు, తడి అడవులు ఇరుకనుమలను కలిపియుండెననియు భావింపవలసియున్నది.

ఒక్క కొండవరుసలోనే చిన్న ఖాళీ యున్నను వంశములు చీలును. పడమటికనుమలలో పాలఘాటు కనుమ సుమారు 30, 40 కిలోమీటర్ల వెడల్పుగల ఖాళీ. దానికి ఉత్తరమునను దక్షిణమునను వేర్వేఱు కప్పజాతులు పెక్కు కలవు. పొదకప్పలను గుఱించి ఎస్. పి. విజయకుమార్, కార్తిక్ శంకర్ మున్నగువారు 2016 లో ప్రకటించిన పరిశోధన, వాని వైవిధ్యమునకు హిమయుగముల రాకపోకలు, కొండల యెత్తులోని తారతమ్యములు, భూమి స్వరూపము అను మూడును కలిసి కారణములని నిర్ణయించినది. కొండ వేదిక నిర్మించినది. హిమయుగము ఆ వేదికపై పాత్రలను నడిపినది.

హిమయుగములందు దక్షిణదేశము

హిమయుగమనగానే మంచుగడ్డలతో నిండిన దేశములు మనస్సున మెదలును. దక్షిణభారతమున అట్టి మంచుగడ్డలు పేరుకొనలేదు. మనకు హిమయుగము అనావృష్టి రూపమున వచ్చినది. భూమిపైని జలములో విశేషభాగము ఉత్తరఖండములయందు గడ్డకట్టియుండుటచేతను, సముద్రములు చల్లబడుటచేతను నైఋతి ఋతుపవనము బలహీనపడెను. గడచిన 26 లక్షల సంవత్సరములలో ఇట్టి చలికాలములు, వాని నడుమ వేడికాలములు పలుమాఱులు వచ్చినవి. కడపటి హిమయుగము సుమారు 21,000 సంవత్సరములకు పూర్వము తీవ్రదశలో నుండెను.

ఈ సంగతికి నీలగిరులలో నిదర్శనము దొరకినది. అచ్చటి పల్లములలో చచ్చిన మొక్కలు పొరలుపొరలుగ పేరుకొని, కుళ్లక, నల్లని మట్టిగ మాఱియున్నవి. ఎండకు ఓర్చు గడ్డిజాతులును, తడినేలల చెట్లును గాలిలోని కర్బనమును వేర్వేఱు రీతుల గ్రహించును. ఆ తేడా మట్టిపొరలలో నిలిచియుండును. ఆర్. సుకుమార్ మున్నగువారు 1993 లో ఈ పొరలను పరీక్షించి ప్రకటించినదాని ప్రకారము, హిమయుగపు తీవ్రదశలో అచ్చట పొడిగడ్డి వ్యాపించినది; సుమారు 11,000 సంవత్సరములకు పూర్వము వానలు హెచ్చి తడికాలము వచ్చినది. సమృద్ధిగ వర్షించు నీలగిరులకే ఈ గతి పట్టినచో, వానకొఱకు ఎదురుచూచు పాలారు సీమ ఎంత ఎండియుండునో పాఠకులే ఊహింపగలరు.

వానలు తగ్గినప్పుడు తడి అడవి కుదించుకొని కొండలపైకి, లోతైన సెలయేటి లోయలలోనికి చేరెను. ఆ అడవి కప్పలును దానితోపాటు ముడుచుకొనెను. ఒక్కొక్క కొండగుంపు ఒక్కొక్క ఆశ్రయమైనది. అందు చిక్కిన కప్పలు తక్కినవానితో కలియలేక వేఱు వేఱు మార్గముల మాఱినవి. వానలు తిరిగి వచ్చినప్పుడు అడవి క్రిందికి దిగెను. విడిపోయిన వంశములలో కొన్ని మఱల కలిసెను, కొన్ని కలియలేనంతగ మాఱియుండెను. ఈ క్రియ పలుమాఱులు జరిగినది. అందుచేతనే కొండకప్పలలో ఇంతటి భేదము కానవచ్చుచున్నది. మైదానపు చెఱువులలో బెకబెకలాడు పెద్ద గోదురుకప్పల విషయము వేఱు. ఎండకాలమున మట్టిలో దాగి, వాన రాగానే పైకి వచ్చు ఆ జాతి దేశమంతట వ్యాపించియున్నది.

ఎండిన సేతువు

హిమయుగమున సముద్రమట్టము నేటికన్న సుమారు 120 మీటర్లు దిగువ నుండెను. మనకును లంకకును నడుమనున్న పాక్ అఖాతము చాలభాగమున 15 మీటర్లకు మించి లోతులేనిది. కావున అప్పుడు అచ్చట సముద్రము లేదు. విశాలమైన మైదానమే కలదు. ఇట్టి భూమార్గము ఒక్కమాఱు కాదు, హిమయుగము వచ్చినప్పుడెల్ల తెఱచుకొన్నది. కడపటిమాఱు అది మునిగి పదివేల సంవత్సరములకు మించలేదని విజ్ఞుల అంచనా.

మార్గ మిన్నిసారులు తెఱచుకొన్నను, లంకలోని తడి అడవుల కప్పలును, మన పడమటికనుమల కప్పలును కలగాపులగము కాలేదని బోసూయిట్ మున్నగువారు 2004 లో చూపిరి. దీనికి సమంజసమైన కారణము పైన చెప్పిన అనావృష్టియే. మార్గము తెఱచుకొన్న కాలమే ఎండిన కాలము. తడి అడవికి అలవడిన కప్పకు ఆ మైదానము సముద్రమువలెనే అడ్డు. పొడినేలకు ఓర్చుకొనగల ప్రాణికి మాత్రము అది రాజమార్గము.

లంకలోని పొదకప్పల కథ ఇందుకు తోడ్పడుచున్నది. సూడోఫిలాటస్ అను ఈ వంశపు కప్పలకు తోకకప్ప దశ లేదు; తేమగల మట్టిలోనో ఆకుపైనో పెట్టిన గ్రుడ్డునుండి నేరుగ చిన్నకప్ప వెలువడును. వీని పూర్వులు సుమారు 3 కోట్ల సంవత్సరములకు పూర్వము దక్షిణభారతమునుండి లంకకు చేరి, అచ్చట డెబ్బదికి పైగా జాతులుగ విస్తరించినవి. ఆ వంశపు శాఖ యొకటి సుమారు 80, 90 లక్షల సంవత్సరములకు పూర్వము మఱల భారతదేశమునకు వచ్చి, పడమటికనుమలలో స్థిరపడినదని జన్యుపరిశోధన తెలుపుచున్నది. పుట్టింటినుండి పోయి, పెద్ద సంసారమై, కొందఱు మఱల పుట్టింటికి వచ్చిన చందమున నున్నది.

ఈ సందర్భముననే మన ప్రాంతము కథలోనికి వచ్చుచున్నది. లంకకే పరిమితమని యెంచిన రెండు కప్పలు, సూడోఫిలాటస్ రీజియస్ అను పొదకప్పయు, హైలరానా గ్రాసిలిస్ అను బంగరువీపు కప్పయు, ఆంధ్రదేశపు తూర్పుకనుమల దక్షిణభాగమున, శేషాచలము, పలమనేరు ప్రాంతములయందు కలవని భారత జంతుశాస్త్ర సర్వేక్షణసంస్థవారు 2023 లో ప్రకటించిరి. మొదటిది లంకలో పొడిసీమల కప్ప. 2005 లో మాత్రమే దానికి శాస్త్రీయనామము లభించినది. పొడినేలకు ఓర్చిన జాతి సేతువును దాటి యిరువైపుల నుండుట పైని సిద్ధాంతమునకు చక్కగ సరిపోవుచున్నది. ఇరువైపుల నున్నవి నేటికిని ఒకే జాతిగ గుర్తింపబడుచున్నవనగా, వాని యెడబాటు కోట్ల సంవత్సరములది కాదనియు తేలుచున్నది. గుడియాత్తమునకు ఎగువనున్న కొండసీమ ఈ విధముగ లంకతో చుట్టఱికము కలిగియున్నది.

ఉభయచరము కాకపోయినను, బంగరు బల్లిని ఇచ్చట స్మరింపవచ్చును. ఆ ప్రజాతిలో రెండే జాతులు కలవు. ఒకటి మన తూర్పుకనుమలది. దానిని తిరుపతి కొండలనుండి బెడ్డోమ్ 1870 లో వర్ణించెను. రెండవది లంకలోనిది, దానిని దెరణియగల 1953 లో వర్ణించెను. కప్పలు చెప్పిన మాటనే బల్లియు చెప్పుచున్నది.

పరిశోధకుల పరంపర

ఈ జ్ఞానము ఒక్కనాట కలిగినది కాదు. నెల్లూరున వైద్యాధికారిగ నుండిన టి. సి. జెర్డన్ 1853 లో దక్షిణభారత సరీసృపముల, కప్పల పట్టికను ప్రకటించెను. మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారియైన బెడ్డోమ్ కొండకొండ తిరిగి ప్రాణులను సేకరించెను. బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ఆచార్యులు సి. ఆర్. నారాయణరావు (1882–1960) 1937 లో దక్షిణదేశపు కప్పలలో పెక్కు క్రొత్త రూపములను వర్ణించిరి. వారి గౌరవార్థమే 2010 లో పొదకప్పల ప్రజాతి యొకదానికి రావోర్కెస్టెస్ అను పేరు పెట్టబడినది. విచారింపదగిన సంగతి యేమనగా, నారాయణరావుగారు ఆధారముగ దాచిన కప్పల నమూనాలు తరువాతికాలమున నష్టమైనవి. వర్ణనలు మిగిలినవి, వర్ణింపబడిన ప్రాణి యేదో నిశ్చయించుట తరువాతివారికి ప్రయాసమైనది. మూలశాసనము పోయి, దాని నకలు మాత్రము మిగిలినట్టి స్థితి యిది.

నేటి స్థితి

సీసాలో దాచిన నమూనా పోయినచో, కొండమీది కప్పను మఱల వెదకి చూడవచ్చును. కొండమీది కప్పయే పోయినచో వెదకుటకు తావులేదు. ప్రపంచమునందలి ఉభయచర జాతులలో ప్రతి యైదింట రెండు అపాయస్థితిలో నున్నవని 2023 లో ప్రకటింపబడిన సమీక్ష తెలుపుచున్నది. హిమయుగములను దాటివచ్చిన ప్రాణులు నేడు తట్టుకొనలేకపోవుటకు కారణము స్పష్టము. హిమయుగపు మార్పులు వేలకొలది సంవత్సరముల వ్యవధిలో జరిగినవి. అడవి మెల్లగ పైకెక్కెను, మెల్లగ దిగెను. కప్పకు వెంబడించుటకు వ్యవధి యుండెను. నేటి మార్పు మనుష్యుని ఒక్క జీవితకాలములో జరుగుచున్నది. వేడి హెచ్చినకొలది కప్ప పైకి పోవలెను. జవ్వాదికిని ఏలగిరికిని శిఖరము చేరిన పిమ్మట పైన మఱి నేల లేదు. క్రిందికి దిగి వేఱొక కొండకు పోవలెనన్నచో నడుమ బాటలు, ఊళ్లు, ఎండిన చెఱువులు, చెడిన నీళ్లు.

పాలారు నీటి సంగతి మన ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. తోలుశుద్ధి కర్మాగారముల మురికినీటిచే ఈ నది, దాని పరిసరపు బావులు, పొలములు చెడినవని వేలూరు పౌరుల సంఘము వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28వ తేదీన తీర్పు చెప్పినది. నీటిని చెఱచినవాడే నష్టమును భరింపవలెనను న్యాయము ఆ తీర్పుతో దేశమంతటికిని చేరినది. ఆ పరిశ్రమపై వేలకొలది కుటుంబములు ఆధారపడియుండుటయు మనమెఱిగినదే. మనుష్యుడు చెడిన నీటిని మాని వేఱొకచోటి నీటిని తెచ్చుకొనగలడు. చర్మముతో నీటిని త్రాగు కప్పకు ఆ యుపాయము లేదు.

మొదట చెప్పిన భాషోదాహరణమును ఇచ్చట మఱల తలపవలెను. చిన్న పాయలో మాటలు త్వరగ నశించునంటిమి. ఒక్కొక్క కొండపై మిగిలిన కప్పల గుంపు అట్టి చిన్న పాయ. గుంపు తగ్గినకొలది జన్యువైవిధ్యము తగ్గును. వైవిధ్యము తగ్గినకొలది క్రొత్త తెగులునకు, క్రొత్త యెండకు ఓర్చు శక్తి తగ్గును. కప్పలు లెక్కకు ఇంకను కనబడుచుండగనే అవి మోయుచున్న చరిత్రలో కొన్ని పుటలు చినిగిపోయి యుండవచ్చును.

ఈ విషయమున మనవంటి సామాన్యులు చేయగల పని కొంత కలదు. ఊరి చెఱువులను, గుట్టలనుండి దిగు వాగులను పూడ్చక కాపాడుకొనుట మొదటిది. మన పాఠశాలల విద్యార్థులచేత తొలివానలకు ఏ చెఱువున ఏ కప్ప యెట్లు కూసినదో, ఏనాడు కూసినదో తెలుగునను తమిళమునను వ్రాయించి యేటేట భద్రపఱచుట రెండవది. దీనికి యంత్రములు, ధనము అక్కఱలేదు. ఒక పుస్తకము, శ్రద్ధగల చెవి చాలును. శాసనములను సేకరించిన పెద్దలు తాము చదువలేని లిపియైనను అచ్చుతీసి దాచిరి, తరువాతివారు చదివిరి. కౌండిన్యానది గట్టునను, జవ్వాది లోయలయందును నేడు వ్రాసియుంచిన పట్టిక ఇరువది సంవత్సరముల పిమ్మట పరిశోధకునకు అట్టి ఆధారము కాగలదు.